చిల్లుల డిస్కు, పూరేకుల డిస్కు — ఒక పరిశీలన

మా కళాశాల సైకిళ్ళ షెడ్డు నేడు పేరునకు మాత్రమే సైకిళ్ళ షెడ్డు. ఉదయము తొమ్మిదిన్నరకు అందు నిలిచియుండు వాహనములను చూచినచో మోటారు సైకిళ్ళ మధ్య నాలుగైదు సైకిళ్ళు బిక్కమొగముతో నిలబడినట్లు తోచును. ఎమ్మిగనూరు నుండి ఆదోనికి సుమారు 30 కిలోమీటర్ల దూరము. బస్సునకై వేచియుండుటకు ఓపిక లేని మా విద్యార్థులు బండికి ఇద్దరు చొప్పున, మేము చూడలేదనుకొన్నప్పుడు ముగ్గురు చొప్పున, ఆ దూరమును దినమునకు రెండు పర్యాయములు దాటుచున్నారు. ఈ బండ్లలో కొన్నింటి ముందు చక్రమును పరికించినచో ఒక వింత గోచరించును. చక్రము ప్రక్కన ఉండు ఉక్కు బ్రేకు డిస్కు గుండ్రముగా నుండక, అంచున వంపులు తిరిగి, విచ్చిన పూవు వలె నుండును. నడుమ వరుసలు వరుసలుగా చిల్లులు. దీనిని వారు 'పెటల్ డిస్కు' అని పిలుతురు. బండితో పాటు వచ్చిన డిస్కును తీసివేసి, దుడ్డు పెట్టి దీనిని బిగించుకొనువారు కొందరు.

గత వర్షాకాలములో ఒక దినము మా రెండవ సంవత్సరపు విద్యార్థి యొకడు చేతికి కట్టు కట్టుకొని తరగతికి వచ్చెను. ముందురోజు సాయంకాలము జల్లు కురియుచుండగా ఇంటికి పోవుచు, పొలమునుండి రోడ్డెక్కిన ఎద్దుల బండిని తప్పింపబోయి బ్రేకు పట్టినాడట. చేతి పిడి గడగడ వణకినదట. బండి జారి ప్రక్కనున్న ప్రత్తిచేనిలో పడినదట. నల్లరేగడి మెత్తగా నుండుటచేత ప్రాణాపాయము తప్పినది. మేము జాగ్రత్త చెప్పబోవునంతలో అతడే ఇట్లనెను: "సార్, నేను వేయించింది డూప్లికేటు డిస్కు సార్. ఒరిజినల్ పెటల్ డిస్కు వేసుంటే పడేవాణ్ణి కాదు. బెంగళూరులో దొరుకుతుందంట. అమ్మ దుడ్డు ఇస్తానంటాంది."

ఆ తల్లి నేతపనివారి ఇంటి ఇల్లాలు. ఆమె ఈయదలచిన దుడ్డు పరీక్ష ఫీజునకై దాచినదని మేమెరుగుదుము. కావున ఈ ప్రశ్న మాకు కేవలము యంత్రశాస్త్ర ప్రశ్నగా తోచలేదు. వింత ఆకారము గల డిస్కు నిజముగా బండిని త్వరగా నిలుపునా? నిలిపినచో ఆ తల్లి దుడ్డు సద్వినియోగమే, కాదనుటకు మేమెవరము? నిలుపనిచో ఆ సంగతి ఆమెకు తెలియవలెను.

తెలుగు బోధించువారికి బ్రేకుల ఊసెందుకని స్టాఫు గదిలో నవ్వినవారు లేకపోలేదు. అయినను భౌతికశాస్త్రము బోధించు మా సహాధ్యాపకుని వెంటబెట్టుకొని, ఆదోనిలో ముప్పది ఏండ్లుగా బండ్లు బాగుచేయుచున్న ఒక పెద్దాయన కొట్టునకు పోయి, మాకు తెలిసినంతవరకు ఈ విషయమును విచారించితిమి. ఊరివారందరు ఆయనను ఉస్తాద్ అందురు; మేము చాచా అని పిలుతుము.

ముందుగా డిస్కు బ్రేకు పుట్టుపూర్వోత్తరములు కొంచెము. చక్రముతో పాటు తిరుగు లోహపు బిళ్ళను రెండు వైపుల నుండి నొక్కి పట్టి చక్రమును ఆపవచ్చునను ఆలోచనకు ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో పేటెంటు పొందెను. అది చాలకాలము అరుదుగనే యుండెను. 1953లో ఫ్రాన్సులోని లె మాన్ పందెమున డిస్కు బ్రేకులు గల జాగ్వార్ కారు గెలుపొందిన పిమ్మట లోకము దృష్టి దానిమీద పడినది. 1969లో హోండా సి.బి. 750 మోటారు సైకిలు ముందు చక్రమునకు డిస్కు వచ్చెను. మన దేశమున అంబాసిడర్ కారు దశాబ్దములపాటు నాలుగు చక్రములకు డ్రమ్ము బ్రేకులతోనే నడిచినది. 1999లో వచ్చిన హీరో హోండా సి.బి.జెడ్. ముందు డిస్కుతో మన పిల్లల మనసు దోచెను. అంతయు చెప్పి, డిస్కు బ్రేకు మనకు క్రొత్తది కాదనవలెను. సైకిలు చక్రపు అంచును రెండు రబ్బరు ముక్కలు ఇరుప్రక్కల నొక్కును గదా, సూత్రము అదియే.

ఇక అసలు ప్రశ్న. బిళ్ళ ఆకారమునకు, ఆపు శక్తికి సంబంధమేమి?

మా సహాధ్యాపకుడు ఆ విద్యార్థిని ప్రయోగశాలకు పిలిపించెను. (అచ్చట మూడు స్ప్రింగు త్రాసులలో ఒకటి మాత్రమే పనిచేయుచున్నదని కమిటీ పెద్దలకు ఇచ్చటనే మనవి చేసికొనుచున్నాము.) ఇటుక ఆకారపు కొయ్యదిమ్మ నొకదానిని బల్లమీద వెడల్పు వైపు పరుండబెట్టి త్రాసు కొక్కెముతో మెల్లగా లాగించెను. ముల్లు చూపిన అంకెను విద్యార్థి వ్రాసికొనెను. పిదప అదే దిమ్మను సన్నని వైపు నిలబెట్టి లాగించెను. తాకు వైశాల్యము సగమునకు తగ్గినది. ముల్లు మాత్రము ఇంచుమించు అచ్చటనే నిలిచినది. కుర్రవాడు నమ్మక ఐదారు మారులు లాగి చూచెను. 1699లోనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గియోమ్ ఆమోంటన్ ప్రకటించిన నియమమిది: రాపిడి బలము నొక్కు బలమును అనుసరించి యుండునే గాని, తాకు వైశాల్యమును అనుసరించి యుండదు. పాఠ్యపుస్తకములు దీనిని 'ఘర్షణ' అనుచున్నవి. వార్తాపత్రికలలో ఘర్షణ యనగా రెండు వర్గముల కొట్లాట. తెలుగు బోధించు మాకు మాత్రము 'రాపిడి' యను మాటయే ఇంపుగా నున్నది.

కావున బ్రేకు పట్టును నిర్ణయించునవి మూడు: ప్యాడ్లు బిళ్ళను ఎంత బలముగా నొక్కుచున్నవి, ప్యాడ్డు పదార్థమునకు లోహముతో గల రాపిడి ఎంత, ఇరుసు నుండి ఎంత దూరమున నొక్కుచున్నవి. బిళ్ళ అంచు గుండ్రముగా నున్నదా, పూరేకుల వలె నున్నదా యను మాటకు ఈ మూడింటిలో చోటు లేదు. పైపెచ్చు, అంచున వంపులు కోసినచో పోవునది ఇరుసునకు మిక్కిలి దూరమున నున్న లోహమే. బావిగిలకకు పెద్ద చక్రమున్నచో తోడుట సులభమైనట్లు, బ్రేకునకు దూరపు అంచే ఎక్కువ బలమిచ్చు చోటు.

విద్యార్థి ఊరకుండలేదు. "మరి కంపెనీవాళ్ళే పెటల్ డిస్కు వేసి ఇస్తున్నారు గదా సార్?" అనెను. మంచి ప్రశ్న. 2007లో వచ్చిన టి.వి.ఎస్. అపాచీ ఆర్.టి.ఆర్.కును, 2012లో వచ్చిన బజాజ్ పల్సర్ 200 ఎన్.ఎస్.కును పూరేకుల డిస్కులే అమర్చిరి. పల్సర్ ముందు డిస్కు వ్యాసము 280 మిల్లీమీటర్లు. వెనుకటి సి.బి.జెడ్.కు 240. అనగా నొక్కు చోటు ఇరుసు నుండి దాదాపు ఆరవ వంతు దూరము జరిగినది. బ్రేకు మెరుగుపడినచో దాని ఘనత ఆ 40 మిల్లీమీటర్లదే, ప్యాడ్లదే, క్యాలిపరుదే. కంటికి కనబడినవి మాత్రము పూరేకులు. సత్తువ ఒకరిది, పేరు ఒకరిది!

ప్రపంచ మోటారు సైకిలు పందెములలో మిక్కిలి వేగమైన మోటో జి.పి. బండ్లను చూడుడు. 2023 సెప్టెంబరులో అవి ఢిల్లీ సమీపమున బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్‌పై కూడ పరుగెత్తినవి. అవి గంటకు 300 కిలోమీటర్లు దాటి పోయి, కొలది క్షణములలో మలుపునకు తగినట్లు వేగము తగ్గించుకొనవలెను. వాని ముందు డిస్కులు కార్బనుతో చేసినవి, గుండ్రనివి. బ్రేకు పని మిక్కుటముగా గల జపాను మొటెగి వంటి చోట వారు చేయునది డిస్కునకు వంపులు దిద్దుట కాదు; 320 మిల్లీమీటర్ల డిస్కు తీసి 340 మిల్లీమీటర్లది బిగించుట.

అట్లయిన చిల్లులెందుకు వచ్చినవి? ఇచ్చట మేము తొందరపడి తీర్పు చెప్పరాదు. చిల్లులకు రెండు మూడు నిజమైన కారణములున్నవి.

మొదటిది వాన. మోటారు సైకిలు డిస్కులు తుప్పుపట్టకుండుటకై స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేయుదురు. 1970లలో వచ్చిన జపాను బండ్లకు చిల్లులు లేని నున్నని డిస్కులుండెడివి. వర్షములో వానిపై నీటి పొర పేరుకొని, పిడి నొక్కిన తరువాత ఒకటి రెండు క్షణములు బ్రేకు పట్టకుండెడిది. చిల్లులు పెట్టిన పిమ్మట ఆ నీరు తప్పుకొనుటకు త్రోవ దొరికినది. కావున బండితో వచ్చిన డిస్కునందలి చిల్లులు అలంకారములు కావు. రెండవది బురద. కొండలలో, బురదలో పరుగెత్తు పందెపు బండ్లకు వంపు అంచులు ప్యాడ్డు మీది మట్టిని గీకివేయును. మన నల్లరేగడి సంగతి తెలిసినవారు ఈ గుణమును తేలికగా త్రోసివేయరు. వర్షమున పొలము దారిలో పది అడుగులు నడచినచో చెప్పునకు సేరు మట్టి అంటుకొనును. అయితే ఆదోని, ఎమ్మిగనూరుల మధ్య మన విద్యార్థులు నడుపునది తారు రోడ్డుమీద. మూడవది బరువు. కోసివేసినంత లోహము తగ్గును. పందెగానికి ఆ కొన్ని గ్రాములు లెక్కయే. వెనుక ఇద్దరు మిత్రులను ఎక్కించుకొన్న వానికి ఆ గ్రాముల లెక్క ఏల?

కార్ల విషయమున కథ వేరు. పూర్వము ప్యాడ్లలోని జిగురు పదార్థము మిక్కిలి వేడెక్కినప్పుడు వాయువును వెలువరించెడిది. ఆ వాయువు ప్యాడ్డునకు, డిస్కునకు నడుమ చిక్కుకొని పట్టు సడలించెడిది. దానిని వెళ్ళగొట్టుటకు పందెపు కార్ల డిస్కులకు చిల్లులు పెట్టిరి. ప్యాడ్లు మెరుగైన పిమ్మట ఆ అవసరము చాలవరకు తీరినది. ఆకారము మాత్రము దుకాణములలో మిగిలినది. ఫార్ములా వన్ కార్ల డిస్కులకు వేయికి పైగా రంధ్రములుండునని చెప్పి కొందరు వాదింతురు. నిజమే. కాని అవి ప్యాడ్డు తాకు ముఖము మీది చిల్లులు కావు. బిళ్ళ మందములో, లోపలి నుండి వెలుపలి అంచునకు గాలి పోవుటకు తొలిచిన సొరంగములు.

కార్ల ప్రస్తావన ఊరక తేలేదు. మా బావమరిది అద్దెకారు నడుపును. మంత్రాలయము, శ్రీశైలము, తిరుమల యాత్రికులను తీసికొనిపోవుట అతని జీవనము. మా విచారణ సంగతి విని, "బావా, నా కారుకు చిల్లుల డిస్కులు వేయిస్తే ఘాట్ రోడ్డులో బ్రేకులు కాలకుండా ఉంటాయంట, నిజమా?" అని అడిగెను. ఐదుగురి ప్రాణములు అతని పాదము క్రింద నుండును గనుక ఈ లెక్కను కొంచెము విపులముగా చేసితిమి.

బ్రేకు చేయు పని యేమనగా, పరుగెత్తు బండి గతిజ శక్తిని వేడిగా మార్చుట. ఆ వేడిని ముందు దాచుకొనునది డిస్కు. పిదప మెల్లగా గాలికి విడుచును. మనుష్యులతో కలిపి 1500 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవుచుండగా ఆపినచో సుమారు 2 లక్షల 8 వేల జౌళ్ళ వేడి పుట్టును. 90 కిలోమీటర్ల వేగమున నైనచో 4 లక్షల 69 వేలు. వేగము ఒకటిన్నర రెట్లయినచో వేడి రెండుంబావు రెట్లు! అందులో 70 పాళ్ళు ముందు చక్రములు భరించుననుకొందము. ముందు డిస్కులు రెండును కలిసి 10 కిలోలని, కిలో పోత ఇనుము ఒక డిగ్రీ వేడెక్కుటకు సుమారు 500 జౌళ్ళు కావలెనని తీసికొన్నచో, 60 వేగమున ఒకమారు ఆపినందుకు డిస్కులు 29 డిగ్రీలును, 90 వేగమున ఆపినందుకు 66 డిగ్రీలును వేడెక్కును. ఇప్పుడు చిల్లులు తొలిచి ఒక కిలో ఇనుము తీసివేయుదము. 66 డిగ్రీలు 73 అగును. చల్లబడుటకని కొన్న డిస్కు ప్రతి బ్రేకునకు మునుపటి కంటె ఎక్కువ వేడెక్కుచున్నది!

జొన్నరొట్టెలు కాల్చు తల్లులకు ఈ విషయము మేము చెప్పనక్కరలేదు. దళసరి పెనము నిదానముగా వేడెక్కును, రొట్టె మాడదు. పలుచని రేకు పెనము క్షణములో ఎర్రనగును. చిల్లుల డిస్కు పలుచని పెనమునకు చుట్టము. గాలి తగిలినప్పుడు అది కొంత త్వరగా చల్లారునను మాట సత్యమే. కాని ప్రాణాపాయ సమయమున ఒక్కమారు గట్టిగా పట్టు బ్రేకునకు చల్లారు వ్యవధి యెక్కడిది?

ఇంకొక ప్రమాదము కలదు. చిల్లు పడిన పలకను లాగినచో చిల్లు అంచున బిగువు మామూలుకు మూడు రెట్లుండునని యంత్రశాస్త్రము చెప్పుచున్నది. పోత ఇనుప డిస్కు వేడెక్కుచు, చల్లారుచు నుండగా ఆ చిల్లుల అంచుననే పగుళ్ళు మొదలగును. ఒక చిల్లు నుండి మరియొక చిల్లునకు గీత వలె ప్రాకును. కంపెనీవారు పెట్టిన చిల్లులకు అంచులు నునుపుచేసి, చోటు లెక్కకట్టి, పరీక్షించి విడుతురు. అంగట్లో ఎవరో డ్రిల్లు మిషను పెట్టి తొలిచిన చిల్లులకు ఆ పూచీ యెవరిది? చిల్లులకు బదులు గాడులు కోసిన డిస్కులు కొంత మేలు. అవి ప్యాడ్డు ముఖమును గీకి శుభ్రము చేయును. ప్యాడ్లను త్వరగా అరగదీయును కూడ.

ఇక ఘాట్ రోడ్డు. తిరుమల నుండి క్రిందికి దిగు పాత ఘాట్ మార్గము 1944లో తెరచినది, సుమారు 19 కిలోమీటర్లు. దిగు ఎత్తు దాదాపు 700 మీటర్లు. మన 1500 కిలోల కారు ఆ ఎత్తు దిగుటలో వదలుకొను శక్తి కోటి జౌళ్ళకు పైమాట. 90 వేగమున వచ్చు కారును ఇరువదిరెండు మారులు ఆపినంత! ఈ శక్తి ఎచ్చటికో పోవలెను. టైర్లు, గాలి కొంత తీసికొనును. కారు రెండవ గేరులో దిగినచో ఇంజను చాల భాగము భరించును. న్యూట్రలులో దిగినచో మిగిలినదంతయు బ్రేకుల నెత్తిన పడును. పెట్రోలు మిగులునని న్యూట్రలులో దింపు డ్రైవర్లను మనమందరము చూచినాము. నేటి ఇంజెక్షను ఇంజన్లలో గేరులో నుండగా కాలు తీసి పల్లమున దిగునప్పుడు ఇంధనము దానంతటదే ఆగిపోవును. న్యూట్రలులోనే ఇంజను తిరుగుటకు ఇంధనము కావలసివచ్చును. కావున న్యూట్రలు వలన మిగులునది లేదు. మా బావమరిదికి ఈ మాట చెప్పగా కొంతసేపు ఊరకుండి, "అయితే ఇన్నేండ్లు దండగేనా" అనెను.

ఘాటులో బ్రేకు పెడలు మెత్తబడి నేలకంటుటకు మరియొక కారణము, మన మెకానిక్కులు బ్రేకు ఆయిలు అనునట్టి ద్రవము. అది గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. డాట్ 3 రకము క్రొత్తగా నున్నప్పుడు 205 డిగ్రీల వరకు మరుగదు. తేమ పట్టిన పిదప దాని ప్రమాణము 140 డిగ్రీలే. డాట్ 4 రకమునకు ఆ అంకెలు 230, 155. మరిగినచో గొట్టములో ఆవిరి పుట్టును. ద్రవమును నొక్కినచో బలము అవతలికి పోవును. ఆవిరిని నొక్కినచో అది నలిగి ఊరకుండును. పెడలు క్రిందికి పోవును, కారు ముందుకు పోవును. రెండేండ్లకొకమారు ఈ ద్రవమును పూర్తిగా మార్చవలెను. మా బావమరిది కారులో దానిని ఎన్నడు మార్చినదియు అతనికే జ్ఞాపకము లేదు. తక్కువైనప్పుడు పైన పోయుటయే ఆచారమట.

ఇప్పుడు మన విద్యార్థి బండి కడకు వత్తము. ఆదోని, ఎమ్మిగనూరుల నడుమ ఘాటు లేదు. బండి, ఇద్దరు మనుష్యులు కలిసి 280 కిలోలనుకొన్నను, 60 వేగమున ఒకమారు ఆపినందుకు ముందు డిస్కు 45 డిగ్రీల ప్రాంతమున వేడెక్కును. మన మే నెల ఎండను దానికి కలిపినను వంద డిగ్రీలు దాటదు. సాధారణ ప్యాడ్లు అంతకు రెండింతల వేడిని సునాయాసముగా ఓర్చును. కావున ఈ రోడ్డుమీద డిస్కు వేడి అను సమస్యయే లేదు. మరి అతడు పడుటకు హేతువేమి?

చాచా ఆ డిస్కును విప్పి, తుడిచి, ఒక గాజుపలక మీద పెట్టి, వంగి చూడుమనెను. డిస్కునకు, గాజునకు నడుమ ఒక ప్రక్క వెలుతురు కనబడినది. బిళ్ళ వంకరపోయినది. చేతి పిడి వణకుటకు కారణమదే. చిల్లుల అంచులు వ్రేలికి తగులుచుండెను. ప్యాడ్డు ముఖము తురుముపీటకు రాచినట్లు గీతలు పడియుండెను. ఆ డిస్కు వేరొక బండికి చేసినదట. వాషర్లు పెట్టి సరిచేసి బిగించిరి. మంచి కంపెనీ డిస్కు మీద కనిష్ఠ మందము ఇంతయని అచ్చు వేసియుండును. అంతకంటె అరిగినచో మార్చవలెను. దీనిమీద ఏ అంకెయు లేదు.

పిదప చాచా డిస్కును ప్రక్కన పెట్టి ముందు టైరును అరచేతితో తట్టెను. గాడులు దాదాపు లేవు. "బండి నిలబెట్టేది ప్లేటు కాదు సార్. రోడ్డును పట్టుకొండేది టైరు. టైరు బోడి అయినాక వెండి ప్లేటు వేసినా అంతే," అనెను.

మా సహాధ్యాపకుడు ఈ మాటకే అంకెలు కట్టెను. 60 వేగమున పోవు బండి, ప్రమాదమును చూచి చేయి కదలునంతలో, ఒక్క సెకనులో 17 మీటర్లు పోవును. పొడి తారు మీద మంచి టైరు ఆ పిమ్మట సుమారు 20 మీటర్లలో నిలుపును. తడిసి జారు రోడ్డుమీద, లేక ఇసుక మీద, 35 మీటర్లు పట్టును. ఈ అంకెలను నిర్ణయించునది టైరునకు, రోడ్డునకు గల రాపిడి. ఉన్న బ్రేకు చక్రమును బిగియపట్టగలిగినంత బలముగలదైనచో, ఇంకను బలమైన బ్రేకు వలన చక్రము ఇంకను సులభముగా బిగిసి జారును, అంతే. అందులకే చక్రము బిగియకుండ కాపాడు ఏ.బి.ఎస్. ఏర్పాటును 125 సి.సి. దాటిన బండ్లకు 2019 ఏప్రిల్ నుండి మన ప్రభుత్వము విధిగా చేసినది. మన విద్యార్థి బండి అంతకు ముందుది, మూడవ చేతి సొత్తు.

కుర్రవాని ముఖము చిన్నబోయెను. "అయితే పెటల్ డిస్కు వేస్ట్ అంటారా సార్?" అనెను. చాచాయే బదులిచ్చెను: "వేస్ట్ కాదు బేటా, చూసేదానికి బాగుంటుంది. కంపెనీ బండికి కంపెనీ పెటల్ వస్తే ఉంచుకో. లేని బండికి తెచ్చి తగిలించొద్దు." ఇంతకంటె మంచి తీర్పు మేము వ్రాయలేము. సొగసును కోరుట తప్పని మేమనము. ఈ వయసున మేమును సైకిలు చక్రములకు రంగు పూసలు కట్టుకొన్నవారమే. అయితే ఆ పూసలు బ్రేకులని మేమెన్నడును అనుకొనలేదు.

ఆ సాయంకాలము చాచా పాత గుండ్రని డిస్కును వెదకి తీసి, మందము కొలిచి, సరిగానే యున్నదని తిరిగి బిగించెను. క్రొత్త ప్యాడ్లు, ముందు టైరు, ఒక సీసా బ్రేకు ఆయిలు. క్రొత్త ప్యాడ్లు డిస్కునకు అతుకుటకు కొంత దూరము పట్టుననియు, అంతవరకు మెల్లగా పొమ్మనియు, మొదటి దినములలో హఠాత్తుగా బ్రేకు పట్టవలదనియు చెప్పెను. అన్నియు కలిసి బెంగళూరు డిస్కునకు చెప్పిన వెలలో సగము కాలేదు. మిగిలిన దుడ్డు ఫీజుగా కార్యాలయములో జమ అయినదని విచారించి తెలిసికొంటిమి.

కమిటీ పెద్దలకు రెండు మనవులు. మన గేటు ఎదుట రోడ్డు మలుపున ఇసుక పేరుకొనియున్నది. ఉదయము బండ్లన్నియు వంగి తిరుగునది అచ్చటనే. వారమునకొకమారు చిమ్మించినచో ఖర్చు స్వల్పము. రెండవది, జూను నెలలో వానలకు ముందు ఒక దినము ఏర్పరచినచో షెడ్డులోని బండ్ల టైర్లు, ప్యాడ్లు, బ్రేకు ఆయిలు చూచి చెప్పుటకు చాచా ఒప్పుకొనినాడు. రుసుము వద్దన్నాడు, చాయ చాలునన్నాడు.

ఆ పూరేకుల డిస్కు ఇప్పుడు చాచా కొట్టు గోడకు మేకున వ్రేలాడుచున్నది. దాని నడుమ గడియారపు యంత్రము బిగింపవలెనని ఆయన ఆలోచన. ముండ్లు ఇంకను దొరకలేదట.